మన ఇంటి అద్దాలు – తెలుసుకోవలసిన సంగతులు

మనలో చాలామంది పెరిగిన ఇళ్లలో కిటికీ అంటే ఇనుప ఊచలు, చెక్క రెక్కలు. తలుపంటే టేకుదో, వేపదో అయిన బరువైన తలుపు. పరుగెత్తుకుంటూ వెళ్లి దానికి గుద్దుకుంటే నుదుటి మీద బొప్పి కట్టేది, అమ్మ కాస్త చన్నీళ్లు అద్దేది, అంతటితో సరి. ఇంట్లో అద్దమంటే మొహం చూసుకునే అద్దం, దేవుడి పటాలు, మహా అయితే బీరువాకు బిగించిన నిలువుటద్దం.

అమెరికా వచ్చాక మన చుట్టూ ఉన్న తలుపులు, గోడలు చాలావరకు అద్దాలే. వెనక డెక్ మీదకు వెళ్లడానికి స్లైడింగ్ డోరు, ముందు తలుపుకు బయట స్టార్మ్ డోరు, స్నానాల గదిలో షవర్ డోరు, హాల్లో కాఫీ టేబుల్, మెట్ల పక్కన నేల దాకా దిగిన కిటికీ. ఇల్లు వెలుతురుగా, అందంగా ఉంటుంది, నిజమే. కానీ ఈ అద్దాలన్నీ ఒకే రకం కావు. చూడటానికి ఒకేలా ఉన్నా, పగిలినప్పుడు ఒకటి బఠాణీ గింజల్లా రాలుతుంది, ఇంకొకటి కత్తుల్లాంటి పెంకులై నిలబడుతుంది. ఆ తేడా పగిలాక తెలుసుకుంటే లాభం లేదు. పగలకముందే, ఖర్చు లేకుండా, పది నిమిషాల్లో తెలుసుకునే మార్గం ఉంది. దాని గురించీ, ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తల గురించీ ఈ వ్యాసంలో చూద్దాం.

గాజు ఎందుకు పగులుతుంది?

ముందు కొంచెం సైన్సు. పెద్ద పిల్లలకు ఇది నచ్చుతుందని అనుకుంటున్నాను.

గాజుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. నొక్కితే ఎంతో తట్టుకుంటుంది, లాగితే మాత్రం తేలికగా తెగిపోతుంది. ఒక అద్దం పలకను వంచామనుకోండి. లోపలి వంపు వైపు నొక్కుడు పడుతుంది, బయటి వంపు వైపు లాగుడు పడుతుంది. పగలడం ఎప్పుడూ ఆ లాగుడు ఉన్న వైపే మొదలవుతుంది. ఎందుకంటే గాజు పైభాగాన కంటికి కనపడనంత సన్నటి గీతలు, బీటలు ఉంటాయి. లాగినప్పుడు ఆ బీట నోరు తెరుచుకుని క్షణంలో పలకంతా పాకిపోతుంది. ఈ సంగతిని లెక్కలతో సహా వివరించినవాడు ఏ.ఏ. గ్రిఫిత్ అనే ఆంగ్ల ఇంజనీరు. ఆయన పరిశోధన పత్రం 1921లో అచ్చయింది.

ఆ బీటలు తెరుచుకోకుండా చేయగలిగితే గాజు బలపడుతుంది కదా! దానికి ఆధారం అంతకు చాలా ముందే ఒక ఆటవస్తువులో దొరికింది. కరిగిన గాజును చుక్కలుగా చన్నీళ్లలో వదిలితే తోక ఉన్న గాజు చుక్కలు తయారవుతాయి. 1660లలో ఇంగ్లండులో రూపర్ట్ అనే రాకుమారుడు వీటిని రాజుగారికి చూపించాడు. అందుకే వాటికి ‘ప్రిన్స్ రూపర్ట్ చుక్కలు’ అని పేరు. ఆ చుక్క తలను సుత్తితో కొట్టినా పగలదు. తోక కొన విరిస్తే మాత్రం మొత్తం చుక్క ఒక్కసారిగా పొడిపొడి అయిపోతుంది. నీళ్లలో పడగానే పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం తరువాత నెమ్మదిగా చల్లారుతూ, కుంచించుకుంటూ పైపొరను లోపలికి లాగుతుంది. దాంతో పైపొర ఎప్పుడూ నొక్కుడులోనే ఉంటుంది, బీటలు తెరుచుకోవు. తోక విరిచినప్పుడు మాత్రం లోపల దాగిన లాగుడంతా ఒక్కసారి బయటపడుతుంది.

ఈనాడు మన ఇళ్లలో ఉండే టెంపర్డ్ అద్దం చేసేది సరిగ్గా ఈ సూత్రం మీదే.

అద్దాల్లో రకాలు

మామూలు అద్దం: ఇది నెమ్మదిగా చల్లార్చిన గాజు పలక. హార్డ్‌వేర్ షాపులో కొలత ఇస్తే కోసి ఇచ్చేది ఇదే. పటాల ఫ్రేములకు, పాత కిటికీలకు ఉండేదీ ఇదే. పగిలితే పొడవాటి, కోసుగా ఉన్న పెంకులు వస్తాయి. కొన్ని కింద పడతాయి, కొన్ని ఫ్రేములోనే పళ్లలా నిలబడి ఉంటాయి. అసలు ప్రమాదం ఆ నిలబడినవాటితోనే. అద్దంలోంచి దూసుకుపోయిన చేతిని మనిషి భయంతో వెనక్కి లాక్కుంటాడు. లోపలికి వెళ్లేటప్పుడు తెగినదానికన్నా వెనక్కి లాగేటప్పుడు ఎక్కువ తెగుతుంది.

టెంపర్డ్ అద్దం: మామూలు అద్దాన్నే కావలసిన కొలతకు కోసి, 600 డిగ్రీల సెంటిగ్రేడు దాటేదాకా వేడిచేసి, రెండు వైపులా గాలి ఊది చటుక్కున చల్లారుస్తారు. ఇది మామూలు అద్దం కన్నా సుమారు నాలుగు రెట్లు బలమైనది. పగిలితే చిన్న చిన్న గింజలుగా రాలిపోతుంది. ఒంటి మీద గీరుకుంటాయి గానీ లోతుగా కోయడం అరుదు. టెంపర్ చేసిన తరువాత దాన్ని కోయడం కుదరదు. కాబట్టి షాపులో మీ ఎదురుగా కోసి ఇచ్చిన అద్దం ఎప్పుడూ టెంపర్డ్ అద్దం కాదని గుర్తుపెట్టుకోండి.

లామినేటెడ్ అద్దం: రెండు అద్దం పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి. కారు ముందు అద్దం ఇదే. 1903లో ఫ్రాన్సులో బెనెడిక్టస్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె చేయి జారి కింద పడింది. పగిలిందిగానీ విడిపోలేదు. అందులో అంతకుముందు ఎండిపోయిన ఒక ద్రావణం లోపల పొరలా అతుక్కుని ముక్కలను పట్టుకుని ఉంది. ఆ ఆలోచనకే ఆయన 1909లో పేటెంటు తీసుకున్నాడు.

వైరు అద్దం: పాత స్కూళ్లలో, కమ్యూనిటీ హాళ్లలో తలుపులకు లోపల ఇనుప తీగల వల ఉన్న అద్దం చూసే ఉంటారు. తీగలు ఉన్నాయి కాబట్టి గట్టిదనుకుంటాం. నిజానికి అదే మందం ఉన్న మామూలు అద్దంకన్నా దాని బలం తక్కువే. ఆ తీగలు పెట్టింది మనుషుల కోసం కాదు, నిప్పు అంటుకున్నప్పుడు అద్దం రాలిపోకుండా పట్టి ఉంచడానికి. చేయి దూసుకుపోతే ఆ తీగలే పెంకులను చేతి చుట్టూ పట్టి ఉంచుతాయి. అందుకే అమెరికాలోని మోడల్ బిల్డింగ్ కోడ్ 2003లో స్కూళ్లలోనూ, 2006లో అన్ని రకాల కొత్త కట్టడాల్లోనూ తలుపుల వంటి ప్రమాదకర స్థలాల్లో పాతరకం వైరు అద్దాన్ని తీసేసింది. కానీ ఎప్పుడో కట్టిన భవనాల్లో పాత అద్దాలు అలాగే ఉన్నాయి. మన తెలుగు బడుల వంటివి చాలావరకు నడిచేది అద్దెకు తీసుకున్న అలాంటి భవనాల్లోనే.

1977కు ముందు, తరువాత

అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతను చూసే ఫెడరల్ కమిషన్ ఒకటి ఉంది. తలుపులు, స్టార్మ్ డోర్లు, స్లైడింగ్ డోర్లు, షవర్, టబ్బుల చుట్టూ ఉండే తలుపులు – వీటిలో పెట్టే అద్దం భద్రతా పరీక్షకు నిలవాలని ఆ కమిషన్ పెట్టిన నియమం 1977 జూలైలో అమల్లోకి వచ్చింది. ఆ పరీక్ష ఎలా ఉంటుందంటే, 100 పౌన్ల బరువున్న సంచిని ఊయలలా వేలాడదీసి, అద్దం రకాన్ని బట్టి 18 అంగుళాల ఎత్తు నుంచి గానీ, 48 అంగుళాల ఎత్తు నుంచి గానీ వదిలి అద్దాన్ని కొట్టిస్తారు. పరుగెత్తుతున్న పిల్లవాడు వచ్చి గుద్దుకున్నట్టన్నమాట. అద్దం పగలకపోతే సరే. పగిలినా పెద్ద పెంకులు రాకూడదు, పెద్ద కన్నం పడకూడదు.

ఈ నియమం కొత్తగా తయారయ్యే అద్దాలకే గాని, అప్పటికే ఇళ్లలో ఉన్నవాటిని ఎవరూ వచ్చి మార్చలేదు. న్యూజెర్సీ వంటి చోట్ల 1950, 60లలో కట్టిన స్ప్లిట్ లెవెల్ ఇళ్లు మనవాళ్లు ఎంతోమంది కొన్నారు. స్కూళ్లు బాగుంటాయి, స్థలం ఎక్కువ, ధర అందుబాటులో ఉంటుంది. వంటగది మారుస్తాం, కార్పెట్ తీసి చెక్క వేయిస్తాం, రంగులు వేయిస్తాం. ఆ పాత తలుపు అద్దం సంగతి ఎవరికీ తట్టదు.

కొన్నేళ్ల క్రితం మాకు తెలిసిన ఒక కుటుంబంలో అదే జరిగింది. పుట్టినరోజు పార్టీలో పిల్లలు వెంటపడి ఆడుకుంటున్నారు. ఆరేళ్ల బాబు బయటికి పరుగెత్తుతూ స్టార్మ్ డోరును చేత్తో తోశాడు. చేయి హ్యాండిల్ మీద కాకుండా అద్దం మీద పడింది. అద్దం పగిలి చేయి మోచేతి దాకా బయటికి వెళ్లింది. మణికట్టుకు పైన రెండు చోట్ల తెగింది. వేళ్లను ముడిచే టెండన్లు తెగడం వల్ల ఆపరేషన్ చేయవలసి వచ్చింది, తరువాత కొన్ని నెలలపాటు ఫిజికల్ థెరపీ. ఇప్పుడు చక్కగా రాస్తాడు, బాస్కెట్‌బాల్ ఆడతాడు. కానీ బొటనవేలి పక్కన కొంతమేర ఇప్పటికీ స్పర్శ తెలియదు. ఆ తలుపుకు కొత్త టెంపర్డ్ అద్దం వేయించడానికి అయ్యే ఖర్చు ఆ పార్టీకి అయిన ఖర్చుకన్నా తక్కువే.

మూలనున్న ముద్ర

టెంపర్డ్ అద్దం తయారుచేసినవారు దాని ఒక మూలన, చెరిగిపోని విధంగా చిన్న ముద్ర వేయాలి. అరచేతిలో సగం కూడా ఉండదు, తెల్లగా, మసకగా కనిపిస్తుంది. అందులో తయారీదారు పేరు, ‘టెంపర్డ్’ లేదా ‘లామినేటెడ్’ అన్న మాట, ‘16 సి.ఎఫ్.ఆర్. 1201’ లేదా ‘ఏ.ఎన్.ఎస్.ఐ. జెడ్ 97.1’ అన్న ప్రమాణం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. అద్దాల వ్యాపారంలో ఈ ముద్రను ‘బగ్’ అంటారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం ప్రోగ్రాములో బగ్ ఉంటే రాత్రంతా నిద్రపోకుండా వెతికి తీసేస్తాం. ఇక్కడ మాత్రం బగ్ కనపడితేనే నిశ్చింతగా నిద్రపోవచ్చు!

ముద్ర ఎక్కడెక్కడ వెతకాలి? కోడ్ ప్రకారం భద్రతా అద్దం ఉండవలసిన ముఖ్యమైన చోట్లు ఇవి:

1. ఏ తలుపులో ఉన్న అద్దమైనా. చిన్న చిన్న గళ్ల అద్దాలున్న తలుపైతే ఒక్క గడికే పూర్తి ముద్ర ఉండవచ్చు, అన్నీ చూడండి.

2. తలుపు అంచుకు 24 అంగుళాల లోపల ఉన్న పక్క అద్దాలు.

3. నేలకు 18 అంగుళాల లోపు ఎత్తులో మొదలై, 36 అంగుళాలకన్నా పైకి వెళ్లి, 9 చదరపు అడుగులకు మించి, మనుషులు నడిచే దారికి 36 అంగుళాల లోపల ఉన్న పెద్ద కిటికీలు.

4. షవర్, టబ్బుల చుట్టూ ఉన్న తలుపులు, వాటికి దగ్గరగా తక్కువ ఎత్తులో ఉన్న కిటికీలు.

5. మెట్ల పక్కన, మెట్లు దిగిన చోట తక్కువ ఎత్తులో ఉన్న అద్దాలు.

ముద్ర కనపడకపోతే కంగారు పడనవసరం లేదు. ఒక్కోసారి ఫ్రేము అంచున, రంగు కింద మరుగున పడి ఉండవచ్చు. అనుమానం తీరకపోతే అద్దాల పని చేసేవారిని పిలిచి చూపించండి. మార్చడం వెంటనే కుదరకపోతే, అద్దం మీద అంటించే సేఫ్టీ ఫిల్ము దొరుకుతుంది. పగిలినా పెంకులను పట్టి ఉంచుతుంది. ఎండ తగలకుండా అంటించే పలుచటి రంగు ఫిల్ము దీనికి పనికిరాదు. భద్రతా పరీక్షకు నిలిచిన మందపాటి ఫిల్మేనా అని అడిగి వేయించుకోండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. తలుపు అద్దం పగిలి మార్పించేటప్పుడు, పనివాడు చవకగా మామూలు అద్దం కోసి బిగించి వెళ్లిపోవచ్చు. డబ్బు చేతిలో పెట్టేముందు మూలన ముద్ర ఉందో లేదో చూడండి.

ఇల్లంతా ఒకసారి తిరిగి చూద్దాం

స్లైడింగ్ డోరు: శుభ్రంగా తుడిచిన అద్దం కంటికి కనపడదు. లోపల చల్లగా, బయట పిల్లలు ఆడుకుంటూ ఉన్నప్పుడు తలుపు తెరిచే ఉందనుకుని పరుగెత్తుకు వస్తారు. పిల్లల కంటి ఎత్తులో ఒక వరుస, పెద్దల కంటి ఎత్తులో ఒక వరుస స్టిక్కర్లు అంటించండి. సంక్రాంతి ముగ్గులాంటివి పిల్లలే కాగితం మీద కత్తిరించి అంటించవచ్చు. టెంపర్డ్ అద్దమైనా ఈ పని మానకండి. ముక్కు పగలడానికి అద్దం పగలనక్కరలేదు.

కిటికీలు: బిగుసుకుపోయిన కిటికీని అద్దం మీద అరచేయి పెట్టి తోయకండి, ఫ్రేమును పట్టి ఎత్తండి. కిటికీ కింద సోఫా, మంచం పెడితే పిల్లలు ఎక్కి గెంతుతారు. మన ఊచల కిటికీలకు అలవాటుపడిన పెద్దవాళ్లు పిల్లల్ని కిటికీ గట్టు మీద కూర్చోబెట్టి అన్నం తినిపిస్తుంటారు. ఇక్కడి దోమల వల పురుగుల్ని ఆపుతుందిగానీ పిల్లల బరువును ఆపదు. మేడ మీద కిటికీలకు నాలుగు అంగుళాలకన్నా ఎక్కువ తెరుచుకోకుండా ఆపే పరికరం బిగించుకోండి.

స్నానాల గది: ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చినప్పుడు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. బకెట్టూ చెంబుతో నేల మీద స్నానం చేసినవాళ్లు ఇక్కడ టబ్బు అంచు దాటి ఎక్కాలి, దిగాలి. తడికాళ్లతో దిగేటప్పుడు ఆసరాకోసం చేతికి అందిన షవర్ డోరు హ్యాండిలో, టవల్ కడ్డీయో పట్టుకుంటారు. అవి మనిషి బరువు ఆపడానికి పెట్టినవి కావు. గోడలోని చెక్కకు గట్టిగా బిగించిన గ్రాబ్ బార్ ఒకటి, జారని మ్యాట్ ఒకటి వాళ్లు వచ్చేముందే పెట్టించండి. డోరు గోడకు గాని, టైలుకు గాని తగులుతోందా, స్క్రూలు వదులయ్యాయా, రబ్బరు బిళ్లలు ఊడిపోయాయా అన్నది అప్పుడప్పుడు చూసుకోండి. టెంపర్డ్ అద్దానికి పలక మధ్యలో బలం ఎక్కువ, అంచున మాత్రం సున్నితం. అంచుకు చిన్న దెబ్బ తగిలితే ఆ రూపర్ట్ చుక్క తోక విరిచినట్టే. దెబ్బ తగిలిన రోజు కాకుండా ఎన్నాళ్లకో ఉన్నట్టుండి పగలవచ్చు.

గాజు టేబుళ్లు: తలుపులకు ఉన్న ఫెడరల్ నియమం టేబుళ్లకు వర్తించదు. కాబట్టి కొనేముందు టెంపర్డ్ అద్దమా కాదా అని అడిగి, ముద్ర చూసి కొనండి. నడక నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో ఆ రెండుమూడేళ్లు గాజు టేబుల్ గరాజులో పెట్టుకోవడం ఉత్తమం.

పూజగది, పటాలు: దేవుడి పటాలకు ఉండేది పలుచటి మామూలు అద్దం. దీపం పటానికి మరీ దగ్గరగా పెడితే ఒకవైపే వేడెక్కి అద్దం చిట్లవచ్చు. పిల్లల మంచం పైన, ఉయ్యాల పైన బరువైన గాజు పటాలు వేలాడదీయకండి. అక్కడ ఆక్రిలిక్ వేయించుకుంటే సరిపోతుంది. పగిలిన అద్దం ఇంట్లో ఉంచకూడదని మన పెద్దలు అంటారు. శుభాశుభాల మాట ఎలా ఉన్నా, ఈ మాట వినడం మంచిది. బీటవారిన అద్దం, అంచు విరిగిన గ్లాసు అలాగే వాడుకోవద్దు.

వంటగది: గాజు బేకింగ్ గిన్నెలు పగిలేది ఎక్కువగా వేడి, చలువ తేడా వల్ల. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెలో మరుగుతున్న సాంబారు పోయడం, అవెన్‌లోంచి తీసిన గిన్నెను తడి గ్రానైట్ మీద పెట్టడం, వేడి గిన్నెలో చన్నీళ్లు పోయడం – ఈ మూడూ మానాలి. గిన్నె కింద పొడి గుడ్డో, చెక్కో వేయండి. అవెన్‌లో పెట్టదగిన గిన్నె కదా అని స్టవ్ మంట మీద పెట్టకూడదు. పోపు ఎప్పుడూ ఇనుప గరిటెలోనో, స్టీలు గిన్నెలోనో వేసి తరువాత కలపండి.

గాజులు: మన బడి వార్షికోత్సవంలో ఆడపిల్లలు కోలాటం వేస్తారు. గాజు గాజులు చూడటానికి ముచ్చటగా ఉంటాయిగానీ, కర్ర తగిలి పగిలితే మణికట్టు దగ్గర గుచ్చుకుంటాయి. ఆ ఒక్కరోజుకు మెటల్ గాజులు వేయండి.

ఏదైనా పగిలితే

మొదటి పని పిల్లల్ని కదలకుండా ఉన్నచోటే నిలబెట్టడం. చెప్పులు, బూట్లు ఇంటి బయట విడిచే అలవాటు మనది. కాబట్టి ఇంట్లో అందరివీ వట్టికాళ్లే. బూట్లు వేసుకున్న పెద్దవారు వెళ్లి పిల్లల్ని ఎత్తుకుని బయటికి తేవాలి. మందపాటి గ్లోవ్స్ వేసుకుని పెద్ద ముక్కలు ఏరండి, తరువాత చీపురుతో ఊడవండి, చివర్న తడి పేపర్ టవల్‌తో అద్ది తీయండి. లైట్లు ఆర్పి ఫ్లాష్‌లైట్‌ను నేలకు దగ్గరగా అడ్డంగా వేస్తే మిగిలిన నలుసులు తళుక్కుమంటాయి. గాజు వంటి తేలిక ముక్కలు అనుకున్నదానికన్నా దూరం చిందుతాయి కాబట్టి గదంతా చూడండి.

ముక్కలను నేరుగా చెత్త సంచిలో వేయకండి. అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, మీద ‘పగిలిన గాజు’ అని ఇంగ్లీషులో రాయండి. ఆ సంచి ఎత్తేవాడికీ చేతులుంటాయి. కిటికీ అద్దం, గిన్నెల గాజు సాధారణంగా రీసైకిల్ డబ్బాలోకి పనికిరావు.

గాయమైతే

చిన్న గీతైతే పారే నీళ్లలో కడిగి, శుభ్రమైన గుడ్డ ఒత్తిపెట్టి, బ్యాండేజ్ వేస్తే చాలు. పెద్ద గాయమైతే ఈ సంగతులు గుర్తుంచుకోండి:

1. శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా, వదలకుండా నొక్కి పట్టండి. ఆగిందో లేదో చూడటానికి మాటిమాటికీ తీయకండి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకొకటి వేయండి.

2. లోపల పెద్ద పెంకు గుచ్చుకుని ఉంటే లాగకండి. చాలాసార్లు అదే రక్తాన్ని ఆపుతూ ఉంటుంది. దాని చుట్టూ నొక్కి, కదలకుండా పట్టి ఉంచండి.

3. రక్తం చిమ్ముతూ ఉన్నా, ఆగకపోయినా వెంటనే 911కు ఫోన్ చేయండి. ఇన్సూరెన్సు లేని పెద్దవాళ్లు బిల్లుకు భయపడి ‘ఏం ఫరవాలేదమ్మా, అదే తగ్గుతుంది’ అంటారు. ఆ మాట వినకండి. 1986 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం మెడికేర్‌లో ఉన్న ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగం, డబ్బు కట్టగలరా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా పరీక్షించి, అత్యవసర చికిత్స చేయాలి.

4. పసుపు, కాఫీ పొడి అద్దకండి. మన ఇళ్లలో ఇది పాత అలవాటే. కానీ లోతు గాయంలో పొడి వేస్తే లోపల ఏముందో డాక్టరుకు కనపడదు, కడగడం కష్టమవుతుంది.

5. వేలు కదలకపోయినా, తిమ్మిరిగా ఉన్నా, స్పర్శ తెలియకపోయినా, గాయం చిన్నదిగా కనిపించినా సరే అదే రోజు డాక్టరుకు చూపించండి. అద్దంతో తెగిందని తప్పకుండా చెప్పండి. గాజు ఎక్స్-రేలో కనపడదని చాలామంది అనుకుంటారు. మరీ సన్నటి నలుసులు తప్ప సాధారణంగా కనపడుతుంది.

6. కంట్లో గాజు పడితే నలపకూడదు, తీయడానికి ప్రయత్నించకూడదు. కంటికి ఒత్తిడి తగలకుండా పేపర్ కప్పు బోర్లించి పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

7. టెటనస్ ఇంజెక్షన్ పదేళ్లకొకసారి తీసుకోవాలి. గాయం లోతుగా గాని, మురికిగా గాని ఉంటే, చివరిది తీసుకుని అయిదేళ్లు దాటినా మళ్లీ అవసరం కావచ్చు. మన పిల్లల తేదీలు మనకు గుర్తుంటాయి, మనవే గుర్తుండవు.

రక్తస్రావం ఆపడం నేర్పే ‘స్టాప్ ద బ్లీడ్’ అనే కార్యక్రమం 2015 నుంచి ఈ దేశంలో నడుస్తోంది. చాలా ఊళ్లలో గంటా గంటన్నర శిక్షణ ఇస్తారు. ఒక ఆదివారం తరగతుల తరువాత మన బడిలో తల్లిదండ్రులకోసం ఇలాంటిది ఏర్పాటు చేస్తే బాగుంటుందని నా మనవి.

ఇండియాలో ఇల్లు కడుతున్నవారికి

మనలో చాలామంది హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖలోనో ఫ్లాటు కొంటున్నాం. అక్కడ కూడా ఊచలు పోయి నేల దాకా అద్దాలు, బాల్కనీకి గాజు రెయిలింగులు వచ్చేశాయి. భద్రతా అద్దానికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2553. భవన నిర్మాణంలో అద్దాల వాడకంపై 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. టైల్సు, కుళాయిల బ్రాండు అడిగినట్టే బిల్డరును అద్దం సంగతి కూడా అడగండి. రెయిలింగుకు లామినేటెడ్ అద్దం మేలు, పగిలినా కింద నడిచేవారి మీద రాలకుండా ఉంటుంది.

పిల్లలూ, మీకో పని

ఈ వారాంతం మీరు ‘అద్దాల డిటెక్టివ్‌లు’. ఒక కాగితం తీసుకుని మీ ఇంటి బొమ్మ గీయండి. అద్దం ఉన్న ప్రతి తలుపు దగ్గరికీ వెళ్లి నాలుగు మూలలూ చూడండి. ముద్ర ఉంటే పచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క పెట్టండి. అద్దాన్ని తట్టకండి, నొక్కకండి, కళ్లతో చూస్తే చాలు. నాన్నగారి దగ్గర పోలరాయిడ్ నల్లకళ్లద్దాలు ఉంటే పెట్టుకుని, ఆకాశం వెలుతురు పడే వేళ కారు పక్క అద్దాన్ని తల అటూ ఇటూ వంచి చూడండి. మసక మసకగా మచ్చలో, చారలో కనపడవచ్చు. అద్దాన్ని గాలి ఊది చల్లార్చినప్పుడు పడిన గుర్తులు అవి.

ఇంకో మూడు సంగతులు గుర్తుంచుకోండి. తలుపును హ్యాండిల్ పట్టి తోయాలి, అద్దం మీద చేయి పెట్టి కాదు. అద్దాల తలుపున్న గదిలో, మన బడి వరండాలో పరుగు పందేలు వద్దు. ఏదైనా పగిలితే తిడతారని దాచకండి. కదలకుండా నిలబడి, గట్టిగా పెద్దవాళ్లను పిలవండి. అమ్మలూ నాన్నలూ, పగిలిన గ్లాసు గురించి తిట్టబోమని మీరు కూడా పిల్లలకు ముందే మాట ఇవ్వండి. తిట్లకు భయపడిన పిల్లలు ముక్కలను వట్టి చేతులతో ఏరి దాచేస్తారు.

ఆ కాగితం పట్టుకుని వచ్చే ఆదివారం బడికి రండి. ఎర్ర చుక్కలున్న ఇళ్లవారు అద్దం కొలతలు తీసుకోవడానికి, సరైనది ఎంచుకోవడానికి సాయం కావాలంటే అడగండి. మా వాలంటీర్లం కొందరం వీలు చూసుకుని వచ్చి చేసిపెడతాం.